ఉత్పత్తికి రాని మినీ వారసులు

మినీ బ్రిటనులో 1959 నుండి 2000 వరకు తయారైన చిన్న కారు. ఈ నలభై ఒక్క సంవత్సరాలలో దాని స్థానంలో ప్రవేశపెట్టడానికి తయారీ సంస్థ పలుమార్లు కొత్త కార్లను రూపొందించింది. వాటిలో కొన్ని బొమ్మల దశలోనే ఆగిపోయాయి. మరికొన్ని రోడ్డుపై నడిచే స్థాయికి వచ్చిన తరువాత విరమించబడ్డాయి. 9ఎక్స్, ఎ.డి.ఓ.74, ఎ.డి.ఓ.88, ఎ.ఆర్.6, స్పిరిచ్యువల్ అనేవి వీటిలో ముఖ్యమైనవి. ఈ.సి.వి.3 అనే ప్రయోగాత్మక కారు కూడా ఈ చరిత్రలో భాగమే. వీటిలో ఎక్కువ భాగం సాంకేతిక లోపం వలన కాక, పెట్టుబడి కొరత, సంస్థల విలీనాలు, యాజమాన్యపు మార్పుల వలన ఆగిపోయాయి. మినీని రూపొందించిన ఇంజనీరే స్వయంగా దానికి వారసుడిని తయారుచేసి చూపినప్పటికీ, అది ఉత్పత్తికి నోచుకోకపోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువగా చర్చించబడిన అంశం.

నేపథ్యం

1952లో ఆస్టిన్ సంస్థ, మోరిస్ కార్లను తయారుచేసే నఫీల్డ్ సంస్థ కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.)గా ఏర్పడ్డాయి. 1956లో సూయజ్ కాలువ సంక్షోభం వలన బ్రిటనులో పెట్రోలుకు కొరత ఏర్పడి, రేషను విధించబడింది. తక్కువ పెట్రోలుతో నడిచే జర్మనీ తరహా బుడగ కార్లకు గిరాకీ పెరిగింది. వాటికి పోటీగా నలుగురు కూర్చోగల నిజమైన కారును త్వరగా తయారుచేయాలని బి.ఎం.సి. అధ్యక్షుడు లెనార్డ్ లార్డ్ ఆదేశించాడు. ఆ బాధ్యత అలెక్ ఇసిగోనిస్‌కు అప్పగించబడింది. 1906లో స్మిర్నా నగరంలో జన్మించిన ఇసిగోనిస్ అంతకుముందే, 1948లో వెలువడిన మోరిస్ మైనర్ కారు రూపకర్తగా పేరు పొందాడు.

ఎ.డి.ఓ.15 అనే సంకేతనామంతో రూపొందిన మినీ 1959 ఆగష్టు 26న విడుదలైంది. దాని పొడవు సుమారు 3.05 మీటర్లు మాత్రమే. 848 సీసీ ఇంజనును అడ్డంగా అమర్చి, గేర్‌బాక్సును ఇంజను క్రింద నూనె తొట్టిలోనే ఇమిడ్చి, ముందు చక్రాలను నడిపించడం వలన కారు పొడవులో అధిక భాగం ప్రయాణికులకు మిగిలింది. చక్రాల వ్యాసం 10 అంగుళాలు. ఉక్కు స్ప్రింగులకు బదులు అలెక్స్ మోల్టన్ రూపొందించిన రబ్బరు శంకువులను వాడారు. కొత్త ఇంజనుకు వ్యవధి లేనందున, 1951లో ఆస్టిన్ ఎ30 కారుతో వచ్చిన ఎ-సిరీస్ ఇంజనునే ఉపయోగించారు. ఈ చివరి నిర్ణయపు ప్రభావం తరువాతి నాలుగు దశాబ్దాలపాటు కొనసాగింది.

అమ్మకాలు, లాభాలు

మినీ ప్రారంభ ధర 500 పౌండ్లకు కొంచెం తక్కువ. ఇంత తక్కువ ధరకు ఈ కారు ఎలా సాధ్యమో తెలుసుకోవడానికి ఫోర్డ్ సంస్థ ఒక మినీని కొని, విడివిడి భాగాలుగా విప్పి లెక్క కట్టింది. ఒక్కొక్క కారుపై బి.ఎం.సి. సుమారు 30 పౌండ్లు నష్టపోతున్నదని ఆ లెక్కలో తేలినట్లు ప్రసిద్ధి. బి.ఎం.సి. ఈ లెక్కను అంగీకరించలేదు. అయితే మినీపై మిగిలే లాభం చాలా తక్కువన్న విషయంలో చరిత్రకారుల మధ్య పెద్దగా భేదాభిప్రాయం లేదు. ముందు, వెనుక రెండు ఉపచట్రాలు, చేతిపనితో జరిగే కూర్పు మొదలైనవి తయారీ ఖర్చును పెంచాయి.

కాబట్టి కారు ఎంత ఎక్కువగా అమ్ముడైనా, దాని వారసుడికి కావలసిన పెట్టుబడి ఆ అమ్మకాల నుండి సమకూరలేదు. మరోవైపు, అమ్మకాలు బాగున్నంతకాలం వారసుడి అవసరం యాజమాన్యానికి తొందరగా కనిపించలేదు. విడుదలైన పన్నెండేళ్ళకు, 1971లో, మినీ ఉత్పత్తి అత్యధిక స్థాయికి చేరి 3 లక్షల 18 వేలు దాటింది.

9ఎక్స్

1960వ దశకం చివరినాటికి ఇసిగోనిస్ తన కారులోని లోపాలను తానే గుర్తించి, దానిని పూర్తిగా మార్చివేయాలని సంకల్పించాడు. బి.ఎం.సి. అధిపతి జార్జ్ హారిమన్ ఆయనను రోజువారీ బాధ్యతల నుండి తప్పించి, ఒక చిన్న బృందంతో ఈ పనికి వినియోగించాడు. ఇలా రూపొందినదే 9ఎక్స్. దీని నమూనా 1968 నాటికి సిద్ధమైంది.

9ఎక్స్ మినీ కంటే పొడవులో సుమారు 10 సెంటీమీటర్లు తక్కువ, వెడల్పులో సుమారు 5 సెంటీమీటర్లు ఎక్కువ. పొడవు తగ్గినా లోపలి స్థలం పెరిగింది. వెనుక భాగంలో పైకి లేచే తలుపు అమర్చారు. మినీలోని ఉపచట్రాలను, రబ్బరు శంకువులను పూర్తిగా విడిచిపెట్టి, ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లను, వెనుక టోర్షన్ బార్లను వాడారు. పాత ఎ-సిరీస్ ఇంజనుకు బదులుగా ఓవర్‌హెడ్ క్యామ్‌షాఫ్టు గల సరికొత్త తేలికపాటి ఇంజనును రూపొందించారు. 750 నుండి 1000 సీసీ వరకు నాలుగు సిలిండర్ల ఇంజన్లు, అదే కుటుంబంలో పెద్ద కార్లకు ఆరు సిలిండర్ల ఇంజన్లు తయారుచేయాలన్నది ఆలోచన. భాగాల సంఖ్యను తగ్గించి, కారును తేలికగాను, చౌకగాను తయారుచేయడం ఇసిగోనిస్ ప్రధాన లక్ష్యం. అనగా మినీని నష్టానికి గురిచేసిన కారణాన్నే ఆయన ఈసారి సరిదిద్దబూనాడు.

అదే సమయంలో సంస్థ స్వరూపం మారిపోయింది. బి.ఎం.సి. 1966లో జాగ్వార్‌తో కలిసి బ్రిటిష్ మోటార్ హోల్డింగ్స్‌గా మారింది. 1968లో ఆ సంస్థ లేలాండ్ సంస్థలో విలీనమై బ్రిటిష్ లేలాండ్ ఏర్పడింది. డొనాల్డ్ స్టోక్స్ నాయకత్వంలోని కొత్త యాజమాన్యం ఇసిగోనిస్‌ను ప్రత్యేక అభివృద్ధి విభాగానికి మార్చి, ఆస్టిన్-మోరిస్ సాంకేతిక బాధ్యతను ట్రయంఫ్ నుండి వచ్చిన హారీ వెబ్‌స్టర్‌కు అప్పగించింది.

ఫోర్డ్ కార్లకు పోటీగా మధ్యతరహా కార్లను తేవడమే మొదటి అవసరమని ఈ యాజమాన్యం భావించింది. ఫలితంగా 1971లో మోరిస్ మరీనా, 1973లో ఆస్టిన్ అలెగ్రో విడుదలయ్యాయి. కొత్త చట్రం, కొత్త ఇంజను, కొత్త గేర్‌బాక్సు అన్నీ ఒకేసారి కోరే 9ఎక్స్‌కు నిధులు దొరకలేదు. మినీ అప్పటికీ బాగా అమ్ముడవుతున్నందున దానిని మార్చవలసిన తొందర లేదన్న వాదన నెగ్గింది.

ఇసిగోనిస్ 1971లో పదవీ విరమణ చేశాడు. ఆ తరువాత కూడా సలహాదారుగా ఉంటూ, 9ఎక్స్ ఇంజనును మినీలలో అమర్చి చాలాకాలం పరీక్షించాడు. గేర్లు మార్చే అవసరం లేకుండా, టార్క్ కన్వర్టరు సాయంతో మాత్రమే నడిచే కారు కూడా ఆయన ప్రయోగాలలో ఒకటి. ఆయన 1988 అక్టోబరు 2న మరణించాడు.

క్లబ్‌మన్

9ఎక్స్ ఆగిపోయిన కాలంలో బ్రిటిష్ లేలాండ్ తక్కువ ఖర్చుతో మినీ రూపాన్ని మార్చే మార్గాన్ని ఎంచుకుంది. ఫోర్డ్ నుండి వచ్చిన రూపశిల్పి రాయ్ హేన్స్ ముందు భాగాన్ని పొడిగించి, నలుపలకలుగా తీర్చిన మినీ క్లబ్‌మన్ 1969లో విడుదలైంది. వెనుక తలుపు గాని, అదనపు స్థలం గాని ఇందులో లేవు. దీని తయారీ 1980 దశకపు ఆరంభంలో ముగిసింది. గుండ్రని ముక్కు గల అసలు మినీ మాత్రం దీని తరువాత కూడా కొనసాగింది.

మినీకి వెనుక తలుపు అమర్చడం సాధ్యమేనని ఇటలీలో రుజువైంది. బెర్టోనే సంస్థ రూపకల్పన చేసిన ఇన్నోచెంటి మినీ 90, మినీ 120 కార్లు 1974లో అక్కడ విడుదలయ్యాయి. ఇన్నోచెంటి అప్పటికి బ్రిటిష్ లేలాండ్ ఆధీనంలోనే ఉన్నప్పటికీ, ఈ కారు బ్రిటనులో మినీ స్థానాన్ని తీసుకోలేదు.

ఎ.డి.ఓ.74

1971లో ఫియట్ 127, 1972లో రెనో 5, ప్యూజో 104 వెలువడడంతో ఐరోపా చిన్న కార్ల విపణి స్వభావం మారింది. ఇవి మినీ కంటే పెద్దవి, సౌకర్యవంతమైనవి. ఈ కొత్త తరగతికే తరువాత సూపర్‌మినీ అనే పేరు స్థిరపడింది. వీటికి సమాధానంగా బ్రిటిష్ లేలాండ్ ఎ.డి.ఓ.74 పథకాన్ని ప్రారంభించింది. మినీ కంటే గణనీయంగా పెద్దదైన ఈ కారుకు కొత్త ఇంజనును కూడా ఉద్దేశించారు.

1973 చివర చమురు సంక్షోభం తలెత్తింది. చిన్న కార్లకు గిరాకీ పెరిగినప్పటికీ, సంస్థ ఆర్థిక స్థితి అప్పటికే క్షీణించింది. ఖర్చు భరించలేమన్న కారణంగా 1974లో ఎ.డి.ఓ.74ను రద్దు చేశారు. ఆ సంవత్సరాంతానికి సంస్థ దివాలా అంచుకు చేరగా, డాన్ రైడర్ నివేదిక ఆధారంగా 1975లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుంది. చిన్న కారు ఎక్కువగా అవసరమైన సంవత్సరంలోనే దానిని తయారుచేసే శక్తి సంస్థకు లేకుండాపోయింది.

ఎ.డి.ఓ.88 నుండి మెట్రో వరకు

ఎ.డి.ఓ.74 రద్దయిన వెంటనే మరింత చిన్నదైన, చౌకైన ఎ.డి.ఓ.88 పథకం మొదలైంది. చక్రాల ఇరుసుల మధ్య దూరం 88 అంగుళాలు కావడం వలన ఈ సంఖ్య ఏర్పడింది. సాంకేతిక బాధ్యతను చార్లెస్ గ్రిఫిన్ వహించాడు. కొత్త ఇంజనుకు డబ్బు లేకపోవడం వలన ఎ-సిరీస్ ఇంజను, దాని క్రింద ఇమిడే నాలుగు గేర్ల పెట్టె తిరిగి ఎంపికయ్యాయి. లోపలి స్థలం మాత్రం చాలా నేర్పుగా సమకూర్చబడింది.

1976లో ఫోర్డ్ ఫియెస్టా విడుదలైంది. 1977 నవంబరులో మైకేల్ ఎడ్వర్డ్స్ సంస్థ అధ్యక్షుడైనాడు. ఇంచుమించు ఆ కాలంలోనే ఎ.డి.ఓ.88 నమూనాను పోటీ కార్ల సరసన ఉంచి ప్రజల అభిప్రాయాన్ని సేకరించగా, దాని రూపం బోసిగా, సామాను బండిని పోలి ఉన్నదని తేలింది. ఈ వ్యాసంలోని ప్రధాన నమూనాలలో కొనుగోలుదారుల అభిప్రాయం కారణంగా ప్రక్కన పెట్టబడినది ఇదొక్కటే. అయితే ఈసారి పథకాన్ని రద్దు చేయలేదు. అంతర్భాగాలను ఉంచి, బయటి రూపాన్ని మార్చి, ఎల్.సి.8 అనే కొత్త సంకేతనామం ఇచ్చారు.

దీనికోసం లాంగ్‌బ్రిడ్జి కర్మాగారంలో రోబోలతో కూడిన కొత్త విభాగాన్ని నిర్మించారు. కారు పేరును ఉద్యోగుల ఓటింగు ద్వారా నిర్ణయించారు. ఇలా ఆస్టిన్ మెట్రో 1980 అక్టోబరులో విడుదలైంది. దాని పొడవు సుమారు 3.4 మీటర్లు. మినీ విడుదలైన ఇరవై ఒక్క సంవత్సరాల తరువాత వచ్చిన ఈ కారు సంస్థ మనుగడకు ఊపిరి పోసింది. కాని అది ఫియట్ 127 కంటే తొమ్మిదేళ్ళు, రెనో 5 కంటే ఎనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. గేర్‌బాక్సు ఇంజను క్రిందనే ఉండడం వలన, పోటీ కార్లు అయిదు గేర్లకు మారినా, మెట్రో 1990 వరకు నాలుగింటితోనే నడిచింది. మినీ కూడా దాని ప్రక్కనే తయారవుతూ వచ్చింది.

ఈ.సి.వి.3

గేడన్‌లోని సంస్థ పరిశోధనా కేంద్రంలో, రేంజ్ రోవర్ రూపకర్తలలో ఒకడైన స్పెన్ కింగ్ ఆధ్వర్యంలో ఇంధన పొదుపుపై ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితంగా 1982లో ఈ.సి.వి.3 వెలువడింది. అల్యూమినియం రేకులను వెల్డింగుతో కాక జిగురుతో అతికించి దీని చట్రాన్ని నిర్మించారు. పైపలకలు ప్లాస్టిక్‌వి. మూడు సిలిండర్ల 1.1 లీటరు ఇంజనుకు సిలిండరుకు నాలుగేసి వాల్వులు ఉన్నాయి. మెట్రో కంటే పొడవైనప్పటికీ కారు బరువు 700 కిలోగ్రాముల లోపే.

ఇది అమ్మకానికి ఉద్దేశించినది కాదు. అయితే తేలిక ఇంజనుపై ఇక్కడ లభించిన అనుభవం తరువాతి కె-సిరీస్ ఇంజనుకు తోడ్పడింది. మూడు సిలిండర్ల ఇంజన్లు, జిగురుతో అతికించిన అల్యూమినియం చట్రాలు తరువాతి దశాబ్దాలలో ఇతర కార్లలో కూడా కనిపించాయి.

ఎ.ఆర్.6

1980వ దశకం మధ్యలో మెట్రోకు వారసుడిగా ఎ.ఆర్.6 పథకం ప్రారంభమైంది. రూపకల్పన విభాగానికి రాయ్ ఆక్స్ నాయకుడు. కొత్త కె-సిరీస్ ఇంజను, పూర్తిగా కొత్త చట్రం దీనికి ఉద్దేశించబడ్డాయి. 1986లో గ్రాహం డే అధ్యక్షుడైన తరువాత సంస్థ పేరు రోవర్ గ్రూపుగా మారింది. ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ అయిన చిన్న కార్ల కంటే ఖరీదైన కార్లపై దృష్టి పెట్టాలన్నది కొత్త విధానం. అందువలన ఎ.ఆర్.6 రద్దయింది. కె-సిరీస్ ఇంజను మాత్రం మిగిలింది.

దాని బదులు పాత మెట్రో చట్రంలోనే కె-సిరీస్ ఇంజనును, అయిదు గేర్ల పెట్టెను అమర్చి 1990లో రోవర్ మెట్రోగా విడుదల చేశారు. దీని హైడ్రాగ్యాస్ సస్పెన్షనులో ముందు, వెనుక చక్రాలను పరస్పరం అనుసంధించారు. 1980లో ఖర్చు తగ్గించడానికి వదిలివేసిన ఈ అమరికను అలెక్స్ మోల్టన్ తన సొంత మెట్రోలో చేసి చూపి, దాని మేలును నిరూపించాడు. ఈ మార్పులతో కారు నడక ఎంతో మెరుగుపడింది. కాని 1970వ దశకంలో రూపొందిన చట్రం మారలేదు. 1997లో జరిగిన యూరో ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలో, అప్పటికి రోవర్ 100గా పేరు మారిన ఈ కారుకు ఒకే ఒక నక్షత్రం లభించింది. అమ్మకాలు పడిపోయి, కొద్ది కాలానికే తయారీ నిలిచిపోయింది.

రోవర్ చివరి ప్రయత్నాలు

1990వ దశకంలో రోవర్ ఇంజనీర్లు మినీలో కె-సిరీస్ ఇంజనును, హైడ్రాగ్యాస్ సస్పెన్షనును అమర్చి మింకి అనే నమూనాలను తయారుచేశారు. 1994లో రోవర్ బి.ఎం.డబ్ల్యు. యాజమాన్యంలోకి వచ్చింది. కొత్త మినీ ఎలా ఉండాలన్న విషయంపై 1995లో జర్మనీ, బ్రిటను బృందాలు తమ తమ నమూనాలను గేడన్‌లో ప్రదర్శించాయి. రోవర్ బృందం చూపిన స్పిరిచ్యువల్‌లో ఇంజను వెనుక భాగంలో, నేల క్రింద ఉంటుంది. తక్కువ స్థలంలో ఎక్కువమందికి చోటు కల్పించాలన్న ఇసిగోనిస్ సూత్రానికి ఇది కొనసాగింపు.

యాజమాన్యం బి.ఎం.డబ్ల్యు. రూపశిల్పి ఫ్రాంక్ స్టీఫెన్‌సన్ గీసిన, పాత మినీ ముఖాన్ని గుర్తుకు తెచ్చే నమూనాను ఎంచుకుంది. స్పిరిచ్యువల్, దానికంటే పెద్దదైన స్పిరిచ్యువల్ టూ 1997 జెనీవా మోటారు ప్రదర్శనలో కనిపించి, అక్కడితో ముగిశాయి. 2000లో బి.ఎం.డబ్ల్యు. రోవర్‌ను అమ్మివేసినా మినీని తన వద్దనే ఉంచుకుంది. పాత మినీలలో చివరిది 2000 అక్టోబరు 4న లాంగ్‌బ్రిడ్జిలో తయారైంది. అప్పటికి మొత్తం 53,87,862 మినీలు తయారయ్యాయి. సుమారు 3.6 మీటర్ల పొడవైన కొత్త మినీ 2001లో ఆక్స్‌ఫర్డ్ కర్మాగారం నుండి వెలువడింది.

సిటీరోవర్

మినీని కోల్పోయి, రోవర్ 100కు వారసుడు లేక, లాంగ్‌బ్రిడ్జిలో మిగిలిన ఎం.జి. రోవర్ సంస్థకు సొంత చిన్న కారు లేకుండాపోయింది. కొత్తదానికి పెట్టుబడి కూడా లేదు. దానితో ఆ సంస్థ భారతదేశానికి చెందిన టాటా మోటార్స్‌తో ఒప్పందం చేసుకుని, పూణేలో తయారైన టాటా ఇండికాను కొద్ది మార్పులతో 2003 నుండి సిటీరోవర్ పేరుతో బ్రిటనులో అమ్మింది. ఒకప్పుడు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా బ్రిటను నుండి భారతదేశానికి వచ్చి అంబాసిడర్‌గా మారగా, అర్ధశతాబ్దం లోపే ప్రయాణపు దిశ తారుమారైంది. సిటీరోవర్ అమ్మకాలు ఆశించినంతగా లేవు. 2005 ఏప్రిల్‌లో ఎం.జి. రోవర్ మూతపడి, సుమారు 6,000 మంది ఉపాధి కోల్పోయారు.

విశ్లేషణ

9ఎక్స్ ఉత్పత్తికి వచ్చి ఉంటే ఫియట్ 127, రెనో 5 కంటే ముందే బ్రిటనుకు ఆధునిక చిన్న కారు లభించేదని కొందరి వాదన. వెనుక తలుపు, తేలిక ఇంజను, తక్కువ తయారీ ఖర్చు వారు చూపే ఆధారాలు. 9ఎక్స్ మినీ కంటే కూడా పొట్టిదని, 1970వ దశకపు కొనుగోలుదారులు పెద్ద కార్లనే కోరుకున్నారని, అంత చిన్న కారుకు లాభదాయకమైన ధర రాబట్టడం కష్టమని మరికొందరి అభిప్రాయం. రెండు వాదనలలోను బలమున్నది. అయితే 9ఎక్స్‌తో పాటు ఆగిపోయినది కారు మాత్రమే కాదు, దాని ఇంజను కూడా. ఆ ఇంజను కుటుంబం నిలిచి ఉంటే మెట్రోకు 1951 నాటి ఇంజను అవసరమయ్యేది కాదు.

ప్రతి రద్దు నిర్ణయానికీ ఆ సంవత్సరపు లెక్కలలో తగిన కారణమే కనిపిస్తుంది. 1968లో మధ్యతరహా కార్ల అవసరం, 1974లో నిధుల కొరత, 1980వ దశకంలో చిన్న కార్లపై స్వల్ప లాభం వాస్తవాలే. కాని ప్రతిసారి మిగిల్చిన డబ్బు పాత యంత్ర భాగాల ఆయుష్షును పొడిగించింది. పాతబడిన కారు తక్కువ ధరకు అమ్ముడై, తదుపరి కారుకు కావలసిన పెట్టుబడిని ఇవ్వలేకపోయింది.

భద్రపరచిన నమూనాలు

వార్విక్‌షైర్‌లోని గేడన్‌లో 1993లో ప్రారంభమైన మోటారు వారసత్వ కేంద్రానికి 2016లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం అని పేరు మార్చారు. 9ఎక్స్, ఈ.సి.వి.3, స్పిరిచ్యువల్ నమూనాలు ఈ మ్యూజియం సేకరణలో చేరాయి.